సర్వర్ పడనందుకు సంజాయిషీ

సింగుపేటలో జిల్లా ధ్రువపత్రాల కార్యాలయమని ఒకటుంది. ఫలానా మనిషి ఫలానా ఊళ్ళోనే ఉంటున్నాడనీ, ఫలానావారి కడుపునే పుట్టాడనీ, ఇప్పటికీ బతికే ఉన్నాడనీ కాగితం మీద రాసి ముద్ర వేసి ఇవ్వడం దాని పని. ఈ మూడు సంగతులూ సదరు మనిషికి ముందే తెలుసు కదా అంటారేమో. ఆయనకి తెలిస్తే ఏం లాభం? సర్వర్‌కి తెలియాలి. ఆ సర్వర్ రెండో గదిలో, ఏసీ కింద, కుంకుమ బొట్టు పెట్టించుకుని నిలబడి ఉంటుంది. జిల్లాలో పుట్టినవాళ్ళంతా దాని పొట్టలోనే ఉన్నారు.

దాని బాగోగులు చూసేవాడు దాలినాయుడు. అతని ఉద్యోగం పేరు తాత్కాలిక సాంకేతిక సహాయకుడు. తాత్కాలికంగా చేరి పదకొండేళ్ళయింది. సర్వర్ పడిపోతే "దాలినాయుడేడీ?" అని ఆఫీసంతా కేకలేస్తారు. లేచి కూర్చున్నాక అతను ఉన్నాడో ఊరెళ్ళాడో ఎవరికీ పట్టదు.

మూడు నెలల కిందట రాజధాని నుంచి ఒక సర్క్యులర్ దిగింది. ఎక్కడో ఎవరిదో సమాచారం గల్లంతయిందట. ఇకమీదట ఎవరిదీ గల్లంతు కాకూడదని పెద్దలు తీర్మానించారు. "సర్వరునందలి సమస్త సమాచారమునకు, ఒక్క అక్షరమైనను మినహాయింపక, ప్రతి పనిదినమున ఉదయం పదకొండు గంటలకు, కార్యాలయాధిపతి సమక్షమున నకలు తీయవలెను. సదరు నకలు ప్రభుత్వ ఆస్తి గనుక సర్వరు దాటి వెలుపలికి పోరాదు. ముప్పది సంవత్సరములు భద్రపరచవలెను. విఫలమైనచో సఫలమగు పర్యంతము మరల మరల ప్రయత్నింపవలెను." ఇంత పని జనం లేని వేళ చేసుకోవచ్చు కదా, నడిపొద్దున పదకొండింటికే ఎందుకంటారా? అధికారి సంతకం పెట్టాలి కదండీ! ఆయన ఆఫీసుకొచ్చేది అప్పుడే మరి.

మొదటి రోజు సర్వర్లో ఉన్నదానికంతటికీ నకలు తీసి సర్వర్లోనే పెట్టారు. ఒకటి రెండయింది. రెండో రోజు "సమస్త సమాచారము" అంటే నిన్నటి నకలు కూడా సమాచారమే కాబట్టి దానికీ నకలు తీశారు. రెండు నాలుగయింది. మూడో రోజు ఎనిమిది. పదో రోజుకి వెయ్యి దాటింది. పదకొండో రోజు పదకొండు గంటల ఏడు నిమిషాలకి సర్వర్ గొంతుదాకా నిండిపోయి, ఒక్క మూలుగు మూలిగి పడిపోయింది. దాలినాయుడు లేపాడు. లేవడానికి దానికి గంటన్నర పట్టింది. లేవగానే సర్క్యులర్ ప్రకారం మళ్ళీ బ్యాకప్ పెట్టారు. మళ్ళీ పడింది. ఆనాటి నుంచి రోజుకు నాలుగు సార్లు పడడం, నాలుగు సార్లు లేవడం దాని దినచర్య అయిపోయింది. మధ్యలో జనానికి దొరికేది పొద్దున పదిన్నరకూ పదకొండుకూ మధ్య ఉన్న అరగంట. అందులో సిబ్బంది వచ్చి కుర్చీలు దులుపుకునేసరికి ఇరవై అయిదు నిమిషాలు పోతాయి.

ఆ సోమవారం పారమ్మ వచ్చింది. ఎండు చేపలమ్ముకునే మనిషి. ఆమె కూతురు నీలవేణికి పట్నంలో నర్సింగు కాలేజీలో ప్రభుత్వ సీటొచ్చింది. శనివారం సాయంత్రం అయిదు గంటలకి చేరికల జాబితా మూసేస్తారు. ఆలోగా నివాస ధ్రువపత్రం చూపించి చేరాలి. చూపించలేకపోతే సీటు ఆ కింది పేరుకి పోతుంది. జాబితా మూశాక మాత్రం ఎవరు తలకిందులుగా తపస్సు చేసినా కదపలేరు. ఇదంతా సీటు కాగితం వెనకాల అచ్చువేసి ఉంది.

"నాను పుట్టి బుద్దెరిగి సింగుపేట దాటి ఎల్లనేదు బాబూ," అంది పారమ్మ. "అలాటిదాని కూతురు సింగుపేటలోనే ఉంటందని కాయితం తెమ్మన్నారు. నన్ను సూత్తే తెలీదేటి?"

"తెలుస్తాది గానప్పా, సర్వర్ పడిపోయింది. రేపు పెందలాడే రా," అన్నాడు దాలినాయుడు.

అని ఊరుకోలేక, సహాయ సంచాలకులు పేరి సోమయాజులుగారి గదిలోకి వెళ్ళాడు. సోమయాజులుగారు చెయ్యి చాచని మనిషి, అబద్ధం రాయని మనిషి. మిగతా జిల్లాల్లో బ్యాకప్ తీసినట్టు రిజిస్టర్లో రాసేసి ఊరుకునేవారు. అందుకని వాళ్ళ సర్వర్లు హాయిగా నడిచేవి. ఈయన నిజాయితీగా తీయించేవారు. అక్కడే వచ్చింది తంటా అంతా.

"సార్, రోగం తెలిసింది. నకలుకి నకలు, దానికి మళ్ళీ నకలు తీస్తన్నాం. డిస్కులో చోటు లేదు. పాత నకళ్ళు తీసేస్తే పది నిమిషాల్లో బాగైపోద్ది సార్."

సోమయాజులుగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "తీసేయడమా? ఆ మాట మళ్ళీ ఈ గదిలో అనకు. నకలనగా ప్రభుత్వ రికార్డు. రికార్డు తొలగింపునకు త్రిసభ్య సంఘము కావలెను. సంఘ నియామకమునకు ఉత్తర్వు కావలెను. ఉత్తర్వు ఎచ్చట తయారగును?"

"సర్వర్లో సార్."

"సర్వరేదీ?"

"పడిపోయింది సార్."

"చూశావా మరి!" అన్నారు సోమయాజులుగారు, వాదంలో దాలినాయుడు చిత్తుగా ఓడిపోయినట్టు.

"పోనీ పాతవాటి జోలికి పోవద్దు సార్. రేపట్నుంచి నకళ్ళున్న అర ఒక్కటి వదిలేసి, మిగతాదానికే తీద్దాం."

"'ఒక్క అక్షరమైనను మినహాయింపక' అని ఉన్నది. నువ్వు ఏకంగా అరనే మినహాయిస్తానంటున్నావు. పదకొండేళ్ళనుంచి తాత్కాలికంగా ఎందుకున్నావో ఇప్పుడర్థమైంది నాకు."

మంగళవారం సమీక్షా సమావేశం పెట్టారు. సూపర్నెంటు రత్నకుమారిగారు "సర్వరు పతన రిజిస్టరు" అని అట్టవేసిన పుస్తకం పట్టుకొచ్చారు. ఏ రోజు ఎన్నిసార్లు పడిందో ఎర్ర సిరాతో, ఎన్నిసార్లు లేచిందో ఆకుపచ్చ సిరాతో రాసిన పుస్తకం అది. ఆవిడ చేతిరాత ముత్యాలకోవ.

"సార్, ఇన్నాళ్ళ పతనాలూ క్రోడీకరించాను. ఆదివారం నాడు సర్వర్ ఒక్కసారీ పడలేదు. ఆదివారం ఇక్కడ జరగనివి రెండే. ఒకటి బ్యాకప్, రెండు పని. ఈ రెంటిలో ఒకటి దోషి."

దాలినాయుడికి ప్రాణం లేచొచ్చింది. ఇంక ఒక్క అడుగు వేస్తే దొరికిపోయినట్టే కదా అనుకున్నాడు.

సోమయాజులుగారు ఆ అడుగు వేశారు. "బ్యాకప్‌కు సర్క్యులరున్నది. పని చేయవలెనని మనకేదైనా సర్క్యులరున్నదా?"

బీరువాలు తెరిచి గంటసేపు వెతికారు. గుర్తింపు కార్డు ఏ జేబుకి తగిలించుకోవాలో చెప్పే ఉత్తర్వు దొరికింది. పంకా ఏ నెలలో వేయాలో, ఏ నెలలో ఆపాలో చెప్పే ఉత్తర్వు దొరికింది. పని చేయమన్న కాగితం మాత్రం ఎక్కడా లేదు. ఇన్నేళ్ళుగా ఎవరి అనుమతీ లేకుండా పని చేస్తున్నామని తెలిసి కొందరు సిబ్బందికి ఒళ్ళు జలదరించింది.

ఈసారి సర్వర్ కోసం ఆగకుండా, చేత్తోనే రాసి వెంటనే ఉత్తర్వు వెలువరించారు. "బ్యాకప్‌నకు అంతరాయము కలిగించుచున్న కార్యాలయపు పనిని, బ్యాకప్ పూర్తి అగునంతవరకు నిలిపివేయడమైనది." అంత చురుగ్గా అమలైన ఉత్తర్వు ఆ ఆఫీసు చరిత్రలో మరొకటి లేదు. సాయంత్రానికి గుమ్మంలో బోర్డు కూడా వేలాడింది. బ్యాకప్ జరుగుచున్నది, పని అడుగరాదు.

బుధవారం ఎవరూ పని చేయలేదు. అయినా పదకొండూ ఏడుకి సర్వర్ పడింది. సోమయాజులుగారు పట్టు వదలలేదు. "పని ఆగినది గాని, పని కావాలన్న ఉద్దేశము ఆగలేదు. గుమ్మం ముందు నిలబడిన వారిలో ఆ ఉద్దేశము ప్రబలంగా కనబడుతున్నది," అని గేటు వేయించారు. మధ్యాహ్నం పంకాలు ఆపించారు, సెల్ ఫోన్లు కట్టేయించారు. మూడో బ్యాకప్ వేళకి పాతికమంది ఉద్యోగులు చేతులు ఒళ్ళో పెట్టుకుని, దగ్గొస్తే కొంగో రుమాలో అడ్డం పెట్టుకుని, కదలకుండా కూర్చున్నారు. సర్వర్ వాళ్ళ మొహాలు చూసి మరీ పడింది.

గురువారం రాజధాని నుంచి లేఖ వచ్చింది. అందరూ తిట్లే అనుకున్నారు. విప్పి చూస్తే అభినందనలు! మిగిలిన జిల్లాలు దినమునకు ఒక్క బ్యాకప్‌తో సరిపుచ్చుకొనుచుండగా, సింగుపేట మాత్రము నాలుగేసి తీయుచు రాష్ట్రమునకే తలమానికమై నిలిచినదట. రాజధానికి పంపే పట్టికలో ఎన్ని తీశారన్న గడి ఉంది గాని, ఎన్ని పూర్తయ్యాయన్న గడి లేదు. వచ్చే నెల సోమయాజులుగారికి వెండి రంగు డాలు ఇస్తారట. ఆయన లేఖని రెండుసార్లు చదివి, కళ్ళు తుడుచుకుని, "ఐదవది కూడా ప్రయత్నించిన బాగుండును," అన్నారు.

దాలినాయుడు బయటికొచ్చేశాడు. గేటు అవతల పారమ్మ బుట్ట పక్కన పెట్టుకుని కూర్చుంది. నాలుగు రోజులుగా బేరాలు మానుకుని వస్తోంది.

"ఏటి బాబూ, ఇయాలా నేదా? ఎల్లుండికి అయిపోద్ది నా పిల్ల సదువు. ఆ పెట్టికి ఏటొచ్చిందో నాకు సెప్పు, నానూ యింటాను."

దాలినాయుడు ఆమె బుట్టకేసి చూశాడు. "నీ బుట్టలో చేపలున్నాయా అప్పా? రోజూ ఆ బుట్టలో ఎన్నున్నాయో అన్ని చేపలు కొత్తగా తెచ్చి, మళ్ళీ ఆ బుట్టలోనే వెయ్యమన్నారు. ఒక్కటీ తియ్యకూడదన్నారు."

"బుట్ట బద్దలైపోదేటి?"

"బద్దలవతంది. రోజుకి నాలుగు సార్లు."

"మరయితే ఇంకో బుట్టెట్టుకోవాల!" అంది పారమ్మ. "ఇది సెప్పడానికి అంతమంది కుర్సీలేసుక్కూకోవాలేటి బాబూ?"

దాలినాయుడికి సిగ్గేసింది. సోమయాజులుగారి మీద కోపం రాలేదు, రత్నకుమారిగారి మీదా రాలేదు. తన మీదే వచ్చింది. మూడు నెలల నుంచి మందు చేతిలో పెట్టుకుని, చీటీ రాసేవాడు లేడని కూర్చున్నాడు. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. పదకొండేళ్ళ తాత్కాలికం పోతే ఇంకెక్కడ తాత్కాలికం దొరుకుతుంది? ఆ భయంతోనే ఇంటికెళ్ళి, ఆ భయంతోనే శుక్రవారం ఉదయం ఆరింటికి ఆఫీసుకొచ్చాడు. బీరువాలో ఒక కొత్త డిస్కు ఉంది. విప్పితే వాడినట్టు లెక్కలోకి వస్తుందని నాలుగేళ్ళుగా విప్పలేదు. సీలు చింపి, దాన్ని సర్వర్‌కే తగిలించి, నకళ్ళన్నిటినీ అందులోకి తోలాడు. ఒక్కటీ చెరపలేదు, ఇంకో బుట్టలోకి మార్చాడు, అంతే. బ్యాకప్‌కి ఆ అర వదిలేయమని కూడా చెప్పేసి, పదింటికి చేతులు కడుక్కుని టీ తాగొచ్చాడు.

పదకొండింటికి అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. సోమయాజులుగారి సమక్షంలో బ్యాకప్ మొదలైంది. పదకొండూ నాలుగుకి తెరమీద ఒక వాక్యం వచ్చింది. బ్యాకప్ పూర్తయింది.

"ఇదేమి తప్పు?" అన్నారు సోమయాజులుగారు.

"తప్పు కాదు సార్. అయిపోయింది."

"ఏది అయిపోయింది?"

"బ్యాకప్ సార్."

పదకొండూ ఏడు దాకా ఊపిరి బిగబట్టి చూశారు. పదకొండూ పది అయింది. సర్వర్ గుండ్రాయిలా నిలబడే ఉంది. రత్నకుమారిగారు ఎర్ర కలం మూత తీసి, ఏం రాయాలో తెలియక మళ్ళీ పెట్టేశారు. పైగా బ్యాకప్ పూర్తయ్యేవరకే పని నిలిపివేయాలని ఉత్తర్వు. పూర్తయింది గనక పని చేయక తప్పలేదు. అప్పుడు ఆ సిబ్బంది మొహాలు చూడాలి! గేటు తీశారు. సాయంత్రానికల్లా నలభై మూడు ధ్రువపత్రాలు అచ్చయ్యాయి. పదిహేడోది నీలవేణిది.

పారమ్మ కాగితాన్ని చీరకొంగుతో తుడిచి మడతపెట్టుకుంది. "రేపు పొద్దున్నే బస్సెక్కించి, నానే కాలేజీలో దింపుతాను. నీ కడుపు సల్లగుండ బాబూ," అని ఎండు నెత్తళ్ళ పొట్లం ఒకటి దాలినాయుడి చేతిలో పెట్టి, వద్దన్నా వినకుండా వెళ్ళిపోయింది.

శనివారం సోమయాజులుగారు ఆఫీసులో అడుగుపెట్టగానే, బ్యాకప్ మాట ఎత్తకముందే, రాజధాని నుంచి ఫోను. నిన్న మీది ఒక్కటే బ్యాకప్ ఉంది, ఒంట్లో బాగోలేదా అని. సోమయాజులుగారు ఫోను పెట్టేశారు. డాలు కళ్ళముందే జారిపోతోంది. పిలిపించారు దాలినాయుణ్ణి. చేతిలో ఒక మెమో పెట్టారు.

"సర్వరు నిన్నటి దినమున నిర్ణీత వేళకు పడిపోకపోవుటకు గల కారణములను తెలుపుచు సంజాయిషీ సమర్పింపవలెను. పతన సమస్యపై ఫైలు పరిశీలనలో ఉండగా, సదరు సమస్యను పరిష్కరించి ఫైలును నిరర్థకము చేసినందున నీపై చర్య ఏల తీసుకొనరాదు?"

"సార్, సర్వర్ బాగైంది కదా," అన్నాడు దాలినాయుడు.

"బాగవుటకు అనుమతి ఉన్నదా?" అన్నారు రత్నకుమారిగారు. "నా రిజిస్టర్లో నిన్నటి పేజీ ఖాళీగా ఉంది. ఆడిట్‌కి ఏం చూపించను? నువ్వు చూపిస్తావా?"

గంట చర్చించి రెండు ఉత్తర్వులు జారీ చేశారు. ఒకటి, సర్వరును గురువారము నాటి స్థితికి యథాతథముగా పునరుద్ధరించవలెను, నకళ్ళను తిరిగి లోపల చేర్చి, ఒక బ్యాకప్ పెట్టి, పడుచున్నదని నిర్ధారించుకొనవలెను. రెండు, సర్వరు అనధికారికముగా పనిచేసిన కాలములో జారీ అయిన నలభై మూడు ధ్రువపత్రములను నేటి సాయంత్రము అయిదు గంటలలోగా రద్దు చేయవలెను.

దాలినాయుడు గడియారం కేసి చూశాడు. పారమ్మ కూతురు ఈపాటికి కాలేజీలో చేరే ఉంటుంది. అయిదు లోపల రద్దు కొడితే అక్కడి తెరమీద ఆ పిల్ల పేరు పక్కన ఎర్ర గీత పడుతుంది. సీటు పోతుంది. అయిదు దాటితే ఏ గీతా ఏమీ చేయలేదు.

"సార్, ఒక్క సందేహం," అన్నాడు. "మొదటి ఉత్తర్వు ముందా, రెండోది ముందా?"

"ఇదేమి ప్రశ్నయ్యా! ఒకటి తరువాత రెండు. ఉత్తర్వులు వరుస తప్పకుండా అమలు జరుపవలెను."

"రాసివ్వండి సార్."

సోమయాజులుగారు రాసిచ్చారు. రాయమంటే ఆయన ఎప్పుడూ కాదనలేదు.

దాలినాయుడు మధ్యాహ్నం పన్నెండున్నరకి నకళ్ళని వెనక్కి తోలడం మొదలుపెట్టాడు. ఎక్కడికక్కడ సరిచూసుకుంటూ, ఒక్క అక్షరమైనా మినహాయించకుండా తోలాడు. మూడున్నరకి ఇంకా ముప్పాతిక వంతే అయింది. రత్నకుమారిగారు నలభై మూడు నంబర్లూ ఎక్కించుకుని, సోమయాజులుగారి సంతకం కూడా తగిలించుకుని, రద్దు మీట ముందు సిద్ధంగా కూర్చున్నారు.

"ఏమయ్యా, ఇంకెంతసేపు? అదీ ఇదీ కలిపి చేసేద్దాం. ఆరున్నరకి నాకు పేరంటం ఉంది."

"రెండూ ఒక్కసారి చేస్తే సర్వర్ పడిపోవచ్చు మేడమ్."

ఆ మాటకి ఆవిడ అయిదు నిమిషాలు ఆగారు. ఆ తర్వాత పది నిమిషాలకోసారి గడియారం చూస్తూ నాలుగూ ఇరవై దాకా ఆగారు. ఇంక ఆగలేదు. "ఉత్తర్వులో అయిదులోగా అని ఉంది. నువ్వు ఆలస్యం చేసి నా మెడకు చుడతావా?" అని కుర్చీ ముందుకు లాక్కుని మీట మీద వేలు పెట్టారు. సరిగ్గా అప్పుడే నకళ్ళు చేరడం పూర్తయింది. దాలినాయుడు నిర్ధారణ బ్యాకప్ పెట్టేశాడు. ఇన్నేళ్ళలో వందలసార్లు దాని ముందు నిలబడి "లే తల్లీ, లే" అన్నవాడు, మొదటిసారి "పడు తల్లీ" అన్నాడు.

రత్నకుమారిగారు మీట నొక్కారు. తెరమీద చిన్న చక్రం తిరిగింది, ఇంకా తిరిగింది. నాలుగూ ఇరవై ఆరుకి రెండో గదిలోంచి ఒక మూలుగు వినబడింది. చక్రం ఆగిపోయింది.

"రద్దయిందా?" అన్నారు సోమయాజులుగారు పరుగున వచ్చి.

"పడిపోయింది సార్," అన్నాడు దాలినాయుడు. "మొదటి ఉత్తర్వు అమలైంది. రెండోదానికి లేవాలి. గంటన్నర పడతాది సార్."

సోమయాజులుగారు గుమ్మంలోంచి ఆ పడిపోయిన పెట్టెను చూశారు. ఆయన మొహం విచ్చుకుంది. "పడినదా? నిజముగా పడినదా? భేష్!" అన్నారు. రత్నకుమారిగారు అప్పటికే ఎర్ర కలం మూత తీశారు. రద్దు సంగతి ఆ ఆనందంలో ఎవరికీ గుర్తులేదు.

అయిదూ పదికి దాలినాయుడి ఫోను మోగింది. "బాబూ, జాబితా మూసీసినారు! గోడకంటించినారు, నా పిల్ల పేరు సదివించుకున్నాను. రెండుసార్లు సదివించుకున్నాను!" అని పారమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. వెనకాల బస్సు హారన్ గోలలో మిగతా మాటలు వినబడలేదు. అతను సరేనప్పా, సరేనప్పా అంటూ మెట్లమీద కూలబడ్డాడు.

ఆ రద్దు ఉత్తర్వు ఇప్పటికీ ఆ సర్వర్లోనే ఉంది, ఆ వెయ్యి నకళ్ళ అడుగున.

సోమవారం సోమయాజులుగారు సిబ్బందినందర్నీ నిలబెట్టి ప్రశంసాపత్రం చదివారు. "అనధికారికముగా కోలుకున్న సర్వరును అత్యల్ప కాలములో పూర్వపు పతనావస్థకు చేర్చి, కార్యాలయ ప్రతిష్ఠను నిలిపిన శ్రీ దాలినాయుడుగారి సేవలు శ్లాఘనీయములు." అందరూ చప్పట్లు కొట్టారు. సర్వర్‌ని లేపినందుకు పదకొండేళ్ళలో ఒక్కరూ అతన్ని మెచ్చుకోలేదు. గారు అనిపించుకోవడం కూడా ఇదే మొదలు.

"సంజాయిషీ మెమో కూడా రద్దు చేయుచున్నాము," అన్నారు సోమయాజులుగారు పత్రం అందిస్తూ. "ఇంకేమైనా కావలెనన్న అడుగవయ్యా, మొహమాటపడకు."

దాలినాయుడు పత్రాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

"దీనికి నకలు మాత్రం తియ్యకండి సార్," అన్నాడు.